‘ఏమీ జరగలేదు’ అన్నవాళ్ళ మాటా వినాలి

2023 జనవరి 13న ఇక్కడ మనవాళ్ళు ‘వాల్తేరు వీరయ్య’ టిక్కెట్ల కోసం థియేటర్ల ముందు తోసుకుంటున్నారు. సరిగ్గా ఆ రోజే అమెరికాలో ‘స్కినమరింక్’ అనే కెనడా హారర్ సినిమా విడుదలైంది. తీసింది కైల్ ఎడ్వర్డ్ బాల్. పూర్తి నిడివి సినిమా తీయడం అతనికి అదే మొదలు. ఎడ్మంటన్‌లో తాను పెరిగిన ఇంట్లోనే, 15 వేల డాలర్లలో ముగించాడు. అప్పటి లెక్కన మన డబ్బుల్లో 12 లక్షల పైచిలుకు. వసూళ్ళు 20 లక్షల డాలర్లు దాటాయి. ఇంత చిన్న సినిమా మీద అంత పెద్ద తగవు ఎందుకొచ్చిందన్నదే నన్ను పట్టుకున్న సంగతి.

కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. 1995లో ఒక రాత్రి కెవిన్, కేలీ అనే పసివాళ్ళు నిద్ర లేస్తారు. ఒకరికి నాలుగేళ్ళు, ఇంకొకరికి ఆరు. ఇంట్లో నాన్న కనిపించడు. కిటికీలు ఒక్కొక్కటే మాయమవుతాయి, తలుపులు మాయమవుతాయి, చివరికి మరుగుదొడ్డి కూడా. పిల్లలు దుప్పట్లు తెచ్చుకుని టీవీ ముందు పడుకుంటారు. పాత కార్టూన్లు ఆడుతుంటాయి. మేడమీది చీకట్లోంచి ఏదో గొంతు పిలుస్తుంది. నూరు నిమిషాల సినిమాలో మొహాలు సరిగా కనబడవు. గోడ మూల, కప్పు, తివాచీ మీద చెల్లాచెదురైన లెగో ముక్కలు, నడిచిపోయే చిన్న పాదాలు, గోడ మీద వణికే టీవీ వెలుతురు. అరిగిపోయిన పాత రీలు చూస్తున్నట్టు తెర నిండా చుక్కలు. మాటలన్నీ గుసగుసలే. కొన్నిచోట్ల కింద అక్షరాలు వేస్తేగాని తెలియవు.

చూసినవాళ్ళు రెండుగా చీలిపోయారు. ‘ఆ రాత్రి లైటు ఆర్పలేకపోయాం’ అన్నవాళ్ళు ఒకవైపు. ‘నూరు నిమిషాలు గోడలు చూపించాడు, ఏమీ జరగలేదు’ అన్నవాళ్ళు ఇంకోవైపు. మధ్యలో నిలబడ్డవాళ్ళు తక్కువ. విమర్శకుల్లో ఎక్కువమంది మెచ్చుకుంటే, మామూలు ప్రేక్షకులు వేసిన మార్కులు అంతకంటే బాగా తక్కువ. తరవాత ఇలాంటి తగవుల్లో మామూలుగా జరిగేదే ఇక్కడా జరిగింది. మెచ్చుకున్నవాళ్ళు నచ్చనివాళ్ళతో ‘మీకు ఓపిక లేదు, రీల్స్ చూసి బుర్ర పాడైంది’ అన్నారు. నచ్చనివాళ్ళు ‘మీరు మేధావుల్లా నటిస్తున్నారు’ అన్నారు.

ఈ సినిమా నాకు నచ్చింది. అయినా ఓపిక లేదన్న నింద నేను ఒప్పుకోను. దీనికి సాక్ష్యం అదే 15 వేల డాలర్లతో తయారైన ఇంకో సినిమా, ‘పారానార్మల్ యాక్టివిటీ’. ఓరెన్ పెలి దాన్ని 2006లో శాన్ డియేగోలోని తన సొంత ఇంట్లోనే తీశాడు. 2009లో పెద్ద ఎత్తున విడుదలై ప్రపంచమంతటా 19 కోట్ల డాలర్లు దాటింది. అందులోనూ చాలాసేపు ఏమీ జరగదు. కెమెరా మంచం ఎదురుగా కదలకుండా నిలబడి ఉంటుంది. మొగుడూ పెళ్ళాల్లా ఉండే జంట నిద్రపోతుంటారు. ఎడమ పక్కన తెరిచిన తలుపు, దాని అవతల చీకటి, తెర మూల గడియారం అంకెలు. జనం కిక్కురుమనకుండా చూశారు. ఓపిక లేనివాళ్ళే అయితే అక్కడా లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

తేడా ఎక్కడుందంటే, పెలి ప్రేక్షకుడికి ఎక్కడ చూడాలో నేర్పాడు. ఒక రాత్రి తలుపు కాస్త కదులుతుంది, అంతే. ఇంకో రాత్రి ఆమె లేచి మంచం పక్కన గంటల తరబడి అలా నిలబడుతుంది. మరో రాత్రి నేలమీద చల్లిన పౌడర్‌లో మనిషివి కాని అడుగులు పడతాయి. రాత్రి రాత్రికీ ఒక మెట్టు ఎక్కిస్తాడు. గడియారం అంకెలు పరుగు ఆపి మామూలు వేగానికి వచ్చాయంటే, ఇప్పుడేదో అవుతుందని హాలంతా ఊపిరి బిగబడుతుంది. బాల్ ఈ సాయం ఏదీ చేయడు. చీకట్లో ఎటు చూడాలో చెప్పడు. కాసేపటికి ఆ చుక్కల్లో మొహం ఉందనిపిస్తుంది, లేదనిపిస్తుంది. అందులో ఏం కనబడాలో చూసేవాడి మనసే కల్పించుకోవాలి. కల్పించుకున్నవాడికి గుండె జారిపోతుంది. కల్పించుకోనివాడికి అది ఉత్త గోడ. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అసలు ఈ సినిమా పుట్టిందే చూసేవాళ్ళ మాటల్లోంచి. బాల్ ముందుగా యూట్యూబ్‌లో ‘బైట్‌సైజ్డ్ నైట్‌మేర్స్’ అనే చానెల్ నడిపాడు. మీకొచ్చిన పీడకలలు రాసి పంపండి, చిన్న సినిమాలుగా తీస్తానన్నాడు. వచ్చిన కలల్లో ఒకటే ఎన్నోసార్లు తగిలింది: నేను చిన్నపిల్లని, ఇంట్లో అమ్మా నాన్నా లేరు, ఇంకేదో ఉంది. ‘స్కినమరింక్’ ఆ కలే.

ఇక ఆ తగవుకు ఆజ్యం పోసింది విడుదలకు ముందు జరిగిన లీకు. 2022 జులైలో మాంట్రియల్ ఫాంటాసియా ఉత్సవంలో మొదట చూపించారు. తరవాత ఒక ఉత్సవం ఆన్‌లైన్ ప్రదర్శన నుంచి కాపీ బయటికి పోయింది. టిక్‌టాక్‌లో క్లిప్పులు, వాటి మీద ‘ఇంతకంటే భయంకరమైన సినిమా లేదు’ అన్న పొగడ్తలు. అప్పటిదాకా ఆ పేరే వినని జనం ఆ మాట నమ్మి టిక్కెట్లు కొన్నారు. క్లిప్పులో పది సెకన్లు చూసి అదిరిపడ్డది, హాల్లో నూరు నిమిషాలు కూర్చుంటే అలా ఉండదు. ఆశపెట్టి తీసుకొచ్చాక పెదవి విరిచారని వాళ్ళను తప్పుపట్టడం అన్యాయం.

మా మేనకోడలికి చూడమని నేనే చెప్పాను. రెండు రోజుల తరవాత ఫోన్ చేసి, ‘మామయ్యా, ఆ తలుపు ఎంతసేపు చూపిస్తాడు? విసుగొచ్చి ఆపేశాను’ అంది. ఎక్కడ చూశావమ్మా అంటే, మెట్రోలో ఆఫీసుకు వెళ్తూ సగం, వస్తూ కొంత అంది. చీకట్లో ఒంటరిగా చూడాల్సింది కదా అన్నాను. ‘హాస్టల్లో గదికి నలుగురం మామయ్యా, చీకటి ఎక్కడ దొరుకుతుంది, ఒంటరితనం ఎక్కడ దొరుకుతుంది?’ అంది. ఆ మాట నన్ను వదల్లేదు. ఈ సినిమాకు టిక్కెట్టుతోపాటు ఒక గది, ఒక నిశ్శబ్దం కూడా కావాలి. అవి అందరికీ ఉండవు. సమీక్ష రాసేవాళ్ళు ఎలా చూశారో, ఎక్కడ చూశారో ఒక్క వాక్యం రాస్తే చదివేవాళ్ళకు ఎంతో మేలు.

మన తెలుగువాళ్ళకు ఇంకో అడ్డంకి ఉంది. 2013లో ‘ప్రేమకథా చిత్రం’ ఆడిన దగ్గర్నుంచి ‘గీతాంజలి’, ‘రాజుగారి గది’, ‘ఆనందో బ్రహ్మ’ వరకు మనకు దెయ్యాల కొంప అంటే నవ్వుల కొంప కూడా. నవ్వయ్యాక ఒక ఫ్లాష్‌బ్యాక్, అందులో ఆ దెయ్యానికి జరిగిన అన్యాయం. 1992లో రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ తీసినప్పుడు కెమెరా ఇంట్లో ఊరికే తిరుగుతుంటేనే ఒళ్ళు జలదరించేది. అయినా చివరికి ఆ ఆత్మ ఎవరిదో, ఏం జరిగిందో చెప్పే విడిచిపెట్టాడు. ‘స్కినమరింక్’లో ఆ గొంతు ఎవరిదో చెప్పరు. ‘ఇంతకీ ఆ దెయ్యం ఎవరు?’ అని మనవాళ్ళు అడగడంలో తప్పేమీ లేదు. మన కథల్లో దెయ్యానికి ఊరూ పేరూ ఉంటాయి మరి.

కానీ ఒక సన్నివేశం దగ్గర ఈ తేడాలేవీ అడ్డురావు. కేలీ మేడమీది పడగ్గదిలోకి వెళ్తుంది. మాయమైన నాన్న మంచం అంచున కూర్చుని ఉంటాడు. మంచం కింద చూడమంటాడు. వంగి చూస్తుంది, చీకటి తప్ప ఏమీ ఉండదు. తలెత్తేసరికి నాన్న ఉండడు, అమ్మ ఉంటుంది. ఇటు వీపు పెట్టి కూర్చుంటుంది. నువ్వంటే మాకు ఎంతో ప్రేమ అంటుంది, కళ్ళు మూసుకోమంటుంది. మొహం చూపించదు. అక్కడి పిల్లలకు చిన్నప్పుడే వేరే గది ఇస్తారు, మనం హాల్లో వరసగా చాపలు పరుచుకుని అమ్మ కొంగు పట్టుకుని పడుకున్నవాళ్ళం. అలా పెరిగినవాళ్ళకు ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. అమ్మ ఉండి, ఇటు తిరగకపోవడం! నెత్తురు చుక్క లేదు, పెద్ద శబ్దం లేదు. ఈ పదేళ్ళలో నేను చూసిన హారర్‌లో దీనికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు.

అలాగని సినిమా మొత్తం ఆ స్థాయిలో లేదు. నడిమి అరగంట సాగదీతే. గోడ మూలలు మళ్ళీ మళ్ళీ చూపించడంలో భయం పెరక్కపోగా పలచబడింది. ఆ మాట మెచ్చుకున్నవాళ్ళు కూడా ఒప్పుకోవాలి. బాల్ దీనికి ముందు, 2020లో, ‘హెక్’ అనే చిన్న సినిమా తీశాడు. అదీ ఇదే ఊహ: అర్ధరాత్రి లేచిన పిల్లాడు, ఎంత పిలిచినా పలకని అమ్మ, తెల్లవారని రాత్రి. నిడివి అరగంట లోపే, యూట్యూబ్‌లో పెట్టాడు. నా లెక్కలో అదే పెద్దదానికంటే బిగువైన పని. ముందు అది చూడండి. అది విసుగనిపిస్తే ‘స్కినమరింక్’ జోలికి వెళ్ళమని నేను ఎవరికీ చెప్పను.