సివిల్ నుంచి లేబర్ లాకు మారుతున్నారా? ఆ ఒక్క రూల్ మరిస్తే చిక్కే!

తొలి తెలుగు శాసనం దొరికిన కలమల్లలోనే రాయలసీమ థర్మల్ ప్లాంట్ ఉంది. పక్కనే ఎర్రగుంట్ల సిమెంట్ ఫ్యాక్టరీలు. కార్మికులున్న చోట వివాదాలూ ఉంటాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులో భూ తగాదాల కేసులతోనే నెట్టుకొస్తున్న జూనియర్ లాయర్లకు ఇదో దారి.

ఎందుకంటే 29 పాత చట్టాల స్థానంలో 4 లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ, ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్.. ఇవి సీనియర్లకూ కొత్తే. ముందే చదివినోళ్లకు పట్టు దొరుకుతుంది.

లేబర్ కేసులు చూసే సీనియర్ దగ్గర చేరడం మొదటి అడుగు. పాత కేసులు ఒక్కసారిగా వదిలేస్తే ఇల్లు గడవదు.

అయితే ఒక మెలిక. కంపెనీలో ఫుల్‌టైమ్ జీతానికి చేరితే బార్ కౌన్సిల్‌కు చెప్పి, ప్రాక్టీస్ ఆపాల్సిందే. 49వ రూల్ చెప్పేది అదే. జీతమా, నల్లకోటా.. ముందే తేల్చుకోవాలి!