ఖాళీ కుర్చీల వరద పాలన

వరద వచ్చినప్పుడల్లా మన పాలకులకు దేవుడు గుర్తుకు వస్తాడు. వాన దేవుడిది, నష్టం రైతుది, సర్వే మాత్రం తమది! 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో కుంభవృష్టి కురిసింది. నిజాంసాగర్ గేట్లు ఎత్తారు. మంజీర పొంగి బోధన్ ప్రాంతపు పొలాలను ముంచింది. వాన ఎవరి తప్పూ కాదు. కాని వాన పడిన తర్వాత జరిగేదంతా పరిపాలనే. దాన్ని ప్రశ్నించడం మన హక్కు.

రుద్రూరులో నిలబడి చూస్తే సంగతి తేటపడుతుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లే ఈ ప్రాంతానికి చెరకును, బోధన్‌కు చక్కెర ఫ్యాక్టరీని, రుద్రూరుకు చెరకు పరిశోధనా కేంద్రాన్ని ఇచ్చాయి. ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. మరుసటి ఏడు జిల్లాలను చీల్చినప్పుడు ఆనకట్ట కామారెడ్డికి పోయింది. రుద్రూరు, బోధన్ నిజామాబాదులో మిగిలాయి. ఎగువన ఉన్న సింగూరు సంగారెడ్డిది. దిగువన అవతలి ఒడ్డు మహారాష్ట్రది. కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసేలోగా ఒక్క నదికి ఎందరు యజమానులు! ఇందరినీ ఒక్క తాటి మీద నడిపించడమే ప్రభుత్వం చేయవలసిన పని.

ఆ పనికి చట్టం లేకపోలేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రతి జిల్లాకూ ఒక సంస్థను ఏర్పరచింది. కలెక్టరు దానికి అధ్యక్షుడు. జిల్లా పరిషత్ అధ్యక్షుడు సహాధ్యక్షుడు. స్థానిక సంస్థలను సంప్రదించి జిల్లా ప్రణాళిక తయారు చేయాలనీ, ఏటా దానిని సరిచూడాలనీ అదే చట్టం చెప్పింది. అంటే విపత్తులో అధికారి పక్కన ప్రజల ప్రతినిధి కూర్చోవాలని శాసనమే ఒప్పుకున్నది.

మరి 2025 ఆగస్టులో ఆ కుర్చీలో ఎవరున్నారు? ఎవరూ లేరు! సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిసింది. ఆ జూలైలో జిల్లా పరిషత్తులదీ ముగిసింది. పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరులో గాని జరగలేదు. వరద వచ్చేనాటికి ఊళ్లను ఏలుతున్నది ప్రత్యేకాధికారులు. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లు తేలలేదు గనుక ఆలస్యమైందన్నారు. ఆ తరగతుల వాటా న్యాయమైనదే. కాని వారికి వాటా ఇస్తామంటూ ఎవరికీ ఏమీ లేకుండా చేయడం ఏ న్యాయం?

ఆపదలో కావలసింది పడవలూ జవాన్లూ గాని సర్పంచులా అని కొందరనవచ్చు. విపత్తు దళాల సాహసాన్ని ఎవరు కాదంటారు? కాని ఏ గుడిసెలో మంచాన పడ్డ ముసలమ్మ ఉన్నదో హెలికాప్టరుకు తెలియదు. 2018 కేరళ వరదల్లో వేలాదిమందిని గట్టెక్కించింది సొంత పడవలతో వచ్చిన జాలరులు. ప్రజలు సాయం పొందేవారు మాత్రమే కాదు, సాయం చేసేవారు కూడా.

నీళ్లు తీసిన తర్వాత అసలు అన్యాయం మొదలవుతుంది. 2022-26 కేంద్ర నిబంధనల ప్రకారం 33 శాతానికి తగ్గకుండా పంట పోతేనే సాయం. నీటిపారుదల భూమికి హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. అంటే ఎకరానికి 7,000 కూడా నిండవు. ఆ కాస్తయినా ఎవరికి? పట్టాదారు పేరు కాగితం మీద ఉంటుంది, కౌలుదారు పేరు ఉండదు. కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వాలన్న 2011 చట్టాన్ని మూలన పడేశారు. 2020లో రాష్ట్రం కేంద్ర పంటల బీమా నుంచి కూడా తప్పుకున్నది. మునిగింది ఒకడి చెమట, పరిహారం మరొకడి ఖాతాకు!

కనుక మనం అడగవలసింది దయ కాదు, బాధ్యత. గేటు ఎత్తకముందే దిగువ గ్రామానికి కబురు అందాలి. అందించవలసిన ఉద్యోగి పేరు పంచాయతీ గోడ మీద ఉండాలి. జిల్లా ప్రణాళిక తెలుగులో అచ్చయి ఊరూరా చేరాలి. పంట నష్టం జాబితాను గ్రామసభలో చదివి, సాగు చేసినవాడి పేరే రాయాలి. అన్నిటికన్నా ముందు, ప్రజల కుర్చీ ఖాళీగా ఉండరాదు.

వరద తీసిన తర్వాత అధికారి బదిలీ అవుతాడు. బురదలో మిగిలేది ఊరే. ఆ ఊరికి మాట లేని ఏర్పాటును సమన్వయమని పిలవడం అబద్ధం.