పాతబడితే భద్రమా?

నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 కారు 1999లో జపాన్‌లో విడుదలై, అక్కడి రోడ్లమీద నిక్షేపంగా తిరిగింది. పదిహేనేళ్ళు నిండితే కెనడా రానిస్తుంది. అమెరికా మాత్రం, పరీక్షలకూ మార్పులకూ విపరీతంగా ఖర్చుపెట్టగల కొద్దిమందికి తప్ప, భద్రత పేరు చెప్పి 2024 దాకా తలుపు తీయలేదు. ఈ పాతికేళ్ళలో ఆ కారుకు కొత్త బ్రేకులేమైనా మొలిచాయా? కొత్తగా ఉన్నప్పుడు ప్రమాదకరమైనది తుప్పుపట్టాక నిరపాయమెట్లా అవుతుంది?

1980లలో జర్మనీ నుండి మెర్సిడెస్ కార్లను జనం నేరుగా, చవకగా తెప్పించుకుంటుంటే అధికారిక డీలర్లు గగ్గోలు పెట్టారు. 1988 చట్టం ఆ దారిని మూసింది. అది కాపాడినది ప్రయాణికుడి ప్రాణాన్ని కాదు, డీలరు గల్లాపెట్టెను. ఆ డీలరే కంపెనీ వేసిన ధరకు మించి అడిగితే, కొనేవాడు ఇంకెవరి గుమ్మం తొక్కాలి?

భద్రతే లక్ష్యమైతే జపాన్, ఐరోపా పరీక్షలను గుర్తించండి. కారు వయసు లెక్కపెట్టకండి.