వెండి గిన్నెల వెనుక మనుషులు

కేప్‌టౌన్ నడిబొడ్డున డచ్ ఈస్టిండియా కంపెనీ 1679లో కట్టించిన భవనం ఒకటుంది. కంపెనీ తన బానిసలను రాత్రిళ్ళు అందులో పెట్టి తాళం వేసేది. 1811 దాకా వేలమంది అక్కడ బతికారు, ఎందరో అక్కడే చనిపోయారు. తర్వాత అది ప్రభుత్వ కార్యాలయమైంది, సుప్రీంకోర్టు అయింది. వర్ణవివక్ష రాజ్యమేలుతున్న 1966లో సాంస్కృతిక చరిత్ర మ్యూజియం అయింది. వెండి పాత్రలు, పింగాణీ, నగిషీ చెక్కిన బల్లలు కొలువుదీరాయి గానీ, అక్కడ బందీలైనవారి చరిత్ర మాత్రం మరుగునే ఉండిపోయింది. 1998లో గానీ దానికి 'స్లేవ్ లాడ్జ్' అన్న పేరు తిరిగి దక్కలేదు.

పేరు మారితే చాలదు, బానిసత్వానికి విడిగా ఒక గది కేటాయించినా చాలదు. అలా చేస్తే మిగతా గదులన్నీ యజమాని గొప్పతనానికే మిగిలిపోతాయి. గిన్నెను చూపే చోటే దాన్ని తోమిన చేతుల మాటా చెప్పాలి. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన జెఫర్సన్ నివాసం మాంటిసెల్లోను చూడండి. ఆయన తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. వారిలో ఒకరైన శాలీ హెమింగ్స్ జీవితాన్ని చెప్పే ప్రదర్శన అక్కడ 2018లో గానీ తెరుచుకోలేదు.

బానిసలు వదిలివెళ్ళిన వస్తువులే లేనప్పుడు ఏం చూపించాలని కొందరు అడుగుతారు. యజమానులు రాసుకున్న వేలం జాబితాలు, ఆస్తి లెక్కలు ఉన్నాయి. కేప్‌టౌన్ చుట్టూ ఏర్పడిన కేప్ వలసరాజ్య న్యాయస్థానాల విచారణ పత్రాల్లో బానిసల వాంగ్మూలాలూ ఉన్నాయి, పరాయి భాషలో పరాయి చేత్తో రాసినవే అయినా. మాంటిసెల్లో 1993 నుంచి అక్కడి బానిసల వారసులను వెతికి, కుటుంబాల్లో నిలిచిన జ్ఞాపకాలను నమోదు చేస్తోంది. పాత గాయాలు రేపడం ఎందుకన్నది మరో అభ్యంతరం. బానిసలకు నెలల పేర్లు తగిలించే అలవాటు కేప్‌లో ఉండేది. సెప్టెంబర్, ఫిబ్రవరి వంటి ఇంటిపేర్లతో అక్కడి కుటుంబాలు నేటికీ బతుకుతున్నాయి. ఆ గాయాన్ని మరిచిపోగల వెసులుబాటు వారికెన్నడూ లేదు. మరుపు కోరుతున్నది ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న మనకూ తగులుతుంది. కేప్‌కు చేరిన బానిసల్లో సుమారు నాలుగోవంతు మంది భారతదేశం నుంచి వెళ్ళినవారే. వారిలో బెంగాల్ వారున్నారు, మలబారు వారున్నారు, మన కోరమాండల్ తీరం వారూ ఉన్నారు. ఈ తీరంలో కరువులు వచ్చినప్పుడు ఆకలికి తమను తాము అమ్ముకున్నవారు, పిల్లలను అమ్ముకున్నవారు డచ్ ఓడలెక్కారు. ఈ తీరాన ఆ కంపెనీ తొలి స్థావరాల్లో మన బందరు ఒకటి. అక్కడి డచ్ సమాధుల మీద వర్తకుల పేర్లు శ్రద్ధగా చెక్కి ఉన్నాయి. ఆ పక్కనే, ఈ తీరం నుంచి అమ్ముడుపోయిన మనుషుల గురించి చెప్పే ఫలకం తెలుగులో నిలబెట్టాలని పురావస్తు శాఖను కోరుతున్నాం.