పంపు మార్చే ముందు పది నిమిషాలు ఆగండి

కొంచెం పొడుగు పోస్టు, ఓపికతో చదవండి. నాట్లు మొదలైనంక చదివి లాభం లేదు.

ట్రాక్టర్ లిఫ్టు ఒకసారి లేస్తది, ఒకసారి లేవది. పొద్దున మంచిగుంటది, మధ్యాహ్నానికి రోటవేటర్ ఎత్తలేక గింజుకుంటది. షెడ్డుకు తీస్కపోతే అక్కడ బుద్ధిగ లేస్తది. అప్పుడు వినపడే మాట ఒక్కటే: "పంపు మార్చి చూద్దాం."

ఆ "చూద్దాం" మీదనే నా కొట్లాట. మార్చి చూసేది వాళ్లు, పైసలు పెట్టేది మనం. పంపు మార్చినా రోగం పోకపోతే "వాల్వు మార్చి చూద్దాం" అంటరు. పాత పంపు మంచిదేనని తేలినా, బిగించిన కొత్త పంపును దుకాణపాయన వాపస్ తీసుకుంటడా? సామాను కోసం మేడిపల్లి నుంచి కోరుట్లకు, జగిత్యాలకు తిరిగిన రోజుల లెక్క వేరే.

వచ్చి పోయే రోగం ఊరికే రాదు. ఏదో ఒక పరిస్థితిలోనే వస్తది. అది పట్టుకోండి.

వేడెక్కినంకనే లేవకపోతే, ఆయిల్ పల్చబడి అరిగిన పంపులోనో సీళ్లలోనో ప్రెషర్ జారిపోతుండొచ్చు. చల్లగున్నప్పుడే మొరాయించి మూలుగుతే ముందు హైడ్రాలిక్ ఫిల్టరు, ఆయిల్ గ్రేడు చూడాలె. ఒడ్డు ఎక్కినప్పుడే వస్తే ఆయిల్ తక్కువై పంపు గాలి పీలుస్తుండొచ్చు. ఆయిల్ పాలలెక్క తెల్లగుంటే దమ్ములో నీళ్లు చేరినట్టే. వీటిల్లో సగం పంపు విప్పకుండానే తెలిసేవి.

ఇంకో పరీక్ష. రోటవేటర్ పైకెత్తి ఇంజన్ బంద్ చేయండి. నేల నుంచి ఎత్తు కొలవండి, పది నిమిషాలైనంక మళ్లీ కొలవండి. బాగా దిగిందంటే లీకు సిలిండర్ సీలులోనో వాల్వులోనో ఉంది. ఇంజన్ ఆగినప్పుడు పంపు తిరగనే తిరగదు కదా, ఈ దిగుడుకు దాన్నెట్ల తప్పు పడ్తం? కొలిచేటప్పుడు పక్కనుంచి కొలవండి. ఎత్తిన రోటవేటర్ కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు.

పెద్ద బండ్లదీ ఇదే కథ. ల్యాండ్ రోవర్ లాంటి వాటిల్లో కొన్నిటికి స్ప్రింగుల జాగలో గాలి సంచులుంటయి. సంచికి సన్న చిల్లు పడితే కంప్రెసర్ గాలి నింపీ నింపీ వేడెక్కి ఆగిపోతది. బండి ఒకరోజు కుంగుతది, ఒకరోజు బాగుంటది. చిల్లు వెతకకుండ కంప్రెసర్ మారిస్తే కొత్తదానికీ అదే గతి. సబ్బు నురగ రాస్తే బుడగలే జాగ చూపిస్తయి.

ఇగ కొత్త ట్రాక్టర్ల సంగతి. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన వాటికి ట్రెమ్-4 నిబంధన వచ్చింది. దాంతోపాటే ఇంజన్లకు సెన్సర్లు, కంప్యూటర్ వచ్చినయి. తప్పు వస్తే కోడు పడ్తది. కోడులో సెన్సర్ పేరుంటే సెన్సరే పోయిందని కాదు. బురద పట్టిన కనెక్టరు, ఎలుక కొరికిన వైరు, తుప్పు పట్టిన ఎర్తు కూడా అదే కోడు చూపించొచ్చు. బ్యాటరీ వోల్టేజీ చూడకుండ, వైరు కదిలించకుండ సెన్సర్ మార్చనియ్యకండి.

కోడు చదివే మిషన్ కంపెనీ చేతిలనే ఉంటే మనం అడుక్కునుడే అయితది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అందులో వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నయి. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టమే చేసింది. మాన్యువళ్లు, టూల్స్, సాఫ్ట్‌వేర్ రైతుకు, బయటి మెకానిక్‌కు అందుబాటులో పెట్టాలని కంపెనీలకు చెప్పింది. అక్కడి రైతుకు ఉన్న హక్కు మనకెందుకు ఉండొద్దు?

సీజన్ల టైం ఎక్కడిది అంటరు. పది నిమిషాల పరీక్షకు లేని టైం, రెండు రోజులు షెడ్డు ముందు కూసునుటానికి ఎక్కడికెళ్లి వస్తది?

మేస్త్రీలను తిడుతలేను. "లిఫ్టు మంచిగ లేస్తలేదు" అని తాళంచెవి ఇచ్చి వచ్చేస్తే ఆయనకు మాత్రం ఎట్ల తెలుస్తది? ఎన్ని గంటలు నడిచినంక, ఏ పనిల, ఎంత బరువు మీద ఆగిందో కాగితం మీద రాసి ఇయ్యండి. ఏ పరీక్ష చేసి ఈ పార్టు పోయిందన్నరో అడగండి. కోడు ఉంటే బిల్లు మీద రాయించుకోండి. పాత సామాను ఇంటికి తెచ్చుకోండి.

పరీక్ష చేయని పార్టుకు పైసలియ్యం. ఈ ఒక్క మాట మీద ఊరంతా నిలబడితే "మార్చి చూద్దాం" అనేటోళ్లు "చూసి మారుద్దాం" అంటరు.