తుపాకి గోష్ఠిలో మిత్రసమ్మితము

మన ఆలంకారికులు ఉపదేశమును మూడు విధములుగా విభజించినారు. వేదము ప్రభువు వలె శాసించును, అది ప్రభుసమ్మితము. పురాణము స్నేహితుని వలె నచ్చజెప్పును, అది మిత్రసమ్మితము. కావ్యము ప్రియురాలి వలె మనసు కరగించి చెప్పును, అది కాంతాసమ్మితము. ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు ఈ మూడింటిని వల్లె వేయించిన నాకు, వీనిలో నడిమిదానికి చక్కని ఉదాహరణము అమెరికాలోని రైఫిల్ ప్రియుల మధ్య దొరకినది. తెలుగు పంతులుకు తుపాకుల గోల ఎందుకని పాఠక మిత్రులు నవ్వుకొందురేమో! కాని మన పిల్లలెందఱో ఆ దేశమున స్థిరపడినారు. వారిలో కొందఱు అక్కడి వినోదములను కూడ అలవరచుకొన్నారు. కనుక ఇది మన ఇంటి మాటయే.

టెక్సాస్‌లో మా అబ్బాయి ఇంట రెండు పర్యాయములు కొన్ని నెలలు గడిపినాను. అతని మిత్రులు ఇద్దఱు, ఒకరిది గుంటూరు, మఱొకరిది కరీంనగరము, ఇద్దఱును అచటి పౌరసత్వము పొందినవారే, ఆదివారములందు ఊరి వెలుపలి షూటింగ్ రేంజికి పోవుచు నన్నును వెంటబెట్టుకొని పోయేవారు. నేను చెవులకు కప్పులు తగిలించుకొని వెనుక బల్లపై కూర్చుండేవాడిని. నాకు కావలసినది కాల్పులు కాదు, వాని నడుమ సాగు సంభాషణ.

ఆ సంభాషణలో సగము పోట్లాట, సగము పరిహాసము. .30-06 అను తూటాను అమెరికా సైన్యము 1906లో స్వీకరించినది. .308 వించెస్టర్ 1952లో అంగడికి వచ్చినది. 6.5 క్రీడ్‌మూర్ 2007లో పుట్టిన పసికూన. భుజమును తక్కువగా తన్నును, దూరపు గుఱికి బాగుగా నిలుచును. అందుకే పాతకాపులకు దానిపై అంత వేళాకోళము. జుట్టు నడినెత్తిన ముడివేసికొను నవనాగరికుల తూటా అని దానికి పేరు పెట్టినారు. మనవారు ఈ పరిహాసమును తెలుగులోనికి దింపుకొన్నారు.

“అన్నా, నీ తుపాకికి జడగంటలు ఎప్పుడు కట్టిపిస్తవ్?” అని కరీంనగరపు చిన్నవాడు.

“నీ తూటాకి నూరేళ్ళు దాటినాయిగా తమ్ముడూ. ముందు దానికి పింఛను కాయితాలు పెట్టించు!” అని గుంటూరు పెద్దవాడు.

వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ 1936లో వచ్చినది. 1964లో కంపెనీ వారు దాని తయారీ పద్ధతిని మార్చినారు. ఆరు దశాబ్దములు గడచినను “అరువది నాలుగుకు ముందుదా, తరువాతిదా?” అను ప్రశ్నతో ఈనాటికిని అక్కడ స్నేహితులు ఒకరినొకరు వేధించుకొందురు. మన గ్రాంథిక వ్యావహారిక వాదుల పట్టుదల గుఱించి చదివినవానికి ఇందులో వింత తోచదు.

అయితే ఈ నవ్వులలో విద్య ఉన్నది. ఒకనాడు క్రొత్తవాడొకడు పెద్ద మాగ్నమ్ రైఫిల్ తీసికొని వచ్చినాడు. మీట నొక్కుటకు ముందే కన్ను మూసికొని భుజము ముడుచుకొనుచున్నాడు. గుండ్లన్నియు గుఱికి క్రిందుగా పోవుచున్నవి. తప్పు స్కోపుదని అతని వాదము. ప్రక్కనున్న అమెరికను వృద్ధుడు వాదింపలేదు. తూటాలు తాను నింపి పెట్టెదనని చెప్పి, నడుమ ఒక ఉత్తుత్తి తూటాను అతనికి తెలియకుండ చేర్చినాడు. ఈసారి తుపాకి పేలలేదు, కాని గొట్టము మాత్రము గతుక్కుమని క్రిందికి వంగినది! అందఱును నవ్వినారు, అతడును నవ్వినాడు. అప్పుడు ఆ వృద్ధుడు తన సంచిలోని చిన్న .22 రైఫిల్ తీసి ఇచ్చి, దీనితో కొన్ని వందల గుండ్లు కాల్చిన పిదప పెద్దదానిని పట్టుమన్నాడు. .22 లాంగ్ రైఫిల్ 1887 నాటి తూటా. చప్పుడు స్వల్పము, వెల స్వల్పము, తన్ను దాదాపు శూన్యము. ఈ సలహానే గద్దించి చెప్పియుండిన ఆ యువకుడు మఱల అటు వచ్చెడివాడు కాడు. నవ్వు అహంకారమునకు విరుగుడు.

నవ్వు ఆగిపోవు చోటు కూడ అక్కడ ఒకటి ఉన్నది. జెఫ్ కూపర్ (1920–2006) అను శిక్షకుడు ప్రచారము చేసిన నాలుగు సూత్రములు రైఫిల్ ప్రియులందఱికిని కంఠస్థము. ప్రతి తుపాకిలోను తూటా ఉన్నట్లే భావింపవలెను. నాశనము చేయదలచని దానివైపు గొట్టము త్రిప్పరాదు. గుఱి కుదురువఱకు మీటపై వ్రేలు పెట్టరాదు. లక్ష్యము ఏదో, దాని వెనుక ఏమున్నదో నిశ్చయముగా ఎఱిగియుండవలెను. వీనిపై ఎవరును హాస్యమాడరు. ఇంకొక ఆచారము నన్ను మఱింత ఆకర్షించినది. ప్రమాదము కనబడినచో “కాల్పులు ఆపండి!” అని ఎవరైనను కేకవేయవచ్చును. నలుబది యేండ్ల అనుభవశాలి యైనను నిన్న చేరిన బాలుని కేకకు తుపాకి దించవలసినదే. నన్ను ఆపుటకు నీవెవడవని ఎవరును అడుగరు. వయసు, హోదా, అభిమానము అన్నియు ఆ ఒక్క కేక ముందు ప్రక్కకు తొలగును.

నేను చెప్పదలచిన మాట ఇదే. ఆ కేక రేంజి ద్వారము దగ్గఱ ఆగిపోరాదు, ఇంటిదాకా రావలెను.

2023లో అమెరికాలో తుపాకి వలన మరణించినవారు 46,728 మంది. వారిలో 27,300 మందివి ఆత్మహత్యలు. అనగా నూటికి 58. మనము వార్తలలో చూచు కాల్పుల ఘోరములకంటె, ఒంటరిగా, చప్పుడు లేకుండ, తన ఇంటిలోనే జరుగు మరణములే అధికము. ఏ తూటా మంచిదని గంటల తరబడి వాదించుకొను స్నేహితులు ఈ విషయమున మాత్రము నోరు మెదపరు. పరిహాసమునకు ఉన్న చనువు పరామర్శకు లేకపోయినది.

లేకపోవలసిన అవసరము లేదని నిరూపించినది న్యూ హాంప్‌షైర్ రాష్ట్రము. 2009లో అచటి హుక్‌సెట్ అను ఊరిలో, ఒక వారము తిరుగక మునుపే, ఒకరితో ఒకరికి సంబంధము లేని ముగ్గురు ఒకే దుకాణమున తుపాకులు కొని, కొన్ని గంటలలోనే ప్రాణములు తీసికొన్నారు. ఆ దుకాణదారుని ఈ సంగతి కలచివేసినది. ఆత్మహత్యల నివారణకు పనిచేయువారు, తుపాకుల వర్తకులు, తుపాకి హక్కుల పక్షమువారు ఒకే బల్ల చుట్టు కూర్చున్నారు. ఫలితమే గన్ షాప్ ప్రాజెక్టు. కొనవచ్చినవాని ముఖమున ఆపద ఛాయలు గుర్తించుట ఎట్లో వర్తకులకు తెలిపినారు. దుకాణములలో గోడపత్రములు అంటించినారు. తుపాకి భద్రతకు వాడుకలోనున్న పది ఆజ్ఞలకు పదునొకండవది చేర్చినారు: ఇంటిలో ఎవరికైన ప్రాణముపై విరక్తి కలిగినట్లు తోచిన, తుపాకులను కొంతకాలము ఇంటి వెలుపల భద్రపఱచు ఆలోచన చేయుము. ఈ పద్ధతి తరువాత అనేక రాష్ట్రములకు ప్రాకినది.

ఇందులో ప్రభుసమ్మితము లేదు. ఎవరి హక్కును ఎవరును లాగికొనలేదు. వైద్యుడు అడిగిన, తుపాకి ప్రియుడు అనుమానపడును. ప్రభుత్వము అడిగిన ఆగ్రహించును. భార్య అడిగిన నీకెందుకని కసరుకొనును. తన తూటాను జడగంటలని వెక్కిరించిన స్నేహితుడు అడిగినచో మాత్రము అనుమానమునకు తావు లేదు, ఏలయన అతడును ఆ గోష్ఠిలోనివాడే. “కొన్నాళ్ళు నీ తుపాకులు మా ఇంట ఉండనీ, నీవు కుదుటపడగానే నేనే తెచ్చి ఇస్తాను” అనుటకు అధికారము స్నేహితునికే కలదు. అన్యుల చేతికి తుపాకి ఇచ్చు విషయమున రాష్ట్రమునకొక చట్టము ఉన్నది కనుక, వీలుకాని చోట దుకాణమునందో రేంజియందో భద్రపఱుపవచ్చును, లేదా ఇనుపబీరువా తాళపుచెవి మాత్రమే పుచ్చుకొనవచ్చును.

చావదలచినవాడు మఱొక మార్గము వెదకుకొనడా అని కొందఱు ఆక్షేపింతురు. పరిశోధనలు అట్లు చెప్పుటలేదు. ఆ తీవ్రమైన గడియ తఱచు కొద్దిసేపటిదే. ఒకసారి ప్రయత్నించి బ్రతికి బయటపడినవారిలో పదింట తొమ్మిదిమంది అటుపిమ్మట ఆత్మహత్య వలన మరణింపరు. గడియ దాటించుటయే రక్షణ.

మనకును ఇది పరాయి పాఠము కాదు. మన ప్రత్తిరైతు ఇంట తుపాకి ఉండదు, పురుగుమందు డబ్బా ఉండును. అప్పులతో క్రుంగినవాని ఇంటినుండి ఆ డబ్బాను తమ కొట్టములో పెట్టుకొను పొరుగువాడు చేయునదియు ఇదే పని. విదేశమున ఉద్యోగము పోయి, వీసా గడువు దగ్గఱపడి, ఇంటికి ఫోను చేసి “అంతా బాగుంది నాన్నా” అను బిడ్డల సంగతి తల్లిదండ్రులకంటె ముందు స్నేహితులకే తెలియును. పరువు పోవునని మనము దాచుకొందుము. కాని రేంజిలో తుపాకి దించినవాని పరువు ఎన్నడును పోలేదు గదా! మాట్లాడుటకు మనిషి కావలసినచో అమెరికాలో 988, మన దేశమున టెలీమానస్ వారి 14416 నంబర్లు ఉన్నవి. ఆ నంబరు నొక్కించుటకు కూడ ప్రక్కన ఒక స్నేహితుడు ఉండుట మేలు.

కనుక అచటి మన తమ్ములకు ఈ పంతులు చెప్పునది ఒక్కటే. తూటాల మీద ఎంతైన పోట్లాడుకొనుడు. జడగంటలని, పింఛనని తనివితీర నవ్వుకొనుడు. నవ్వే స్నేహితుడు ఒకనాడు నవ్వుట మానినచో, రెండు వారములుగా రేంజికి రాకున్నచో, ఎవరికి ఏమి ఇచ్చివేయవలెనో లెక్కలు చూచుచున్నచో, సంకోచింపక వాని ఇంటి తలుపు తట్టుడు. “ఆపు” అనుటకు మీకు అధికారము ఉన్నది.