తన పీట తానే తెచ్చుకునే చుట్టం

పిల్లలూ! ఇంటికి చుట్టం వస్తే మనం పీట వేస్తాం. పిలవకుండానే వచ్చి, గడప అవతల నిలబడి, తన పీటను తానే మన ఇంటికి బిగించి, దానిమీద కూర్చునే చుట్టాన్ని మీరెక్కడైనా చూశారా?

అలాంటిది ఒకటున్నది. కాని కంటికి కనపడదు. దాని పొడవు మిల్లీమీటరులో సుమారు 500వ వంతు. అది ఇ. కోలై అనే బాక్టీరియాలో ఒక రకం. మన పేగుల్లో ఎప్పుడూ కాపురముండే ఇ. కోలైలు చాలావరకు సాధువులే. ఈ రకం మాత్రం పసిపిల్లలకు నీళ్ళవిరేచనాలు పట్టిస్తుంది. ఒంట్లోని నీరు, ఉప్పు పోతే బిడ్డ ప్రాణానికే ముప్పు. అప్పుడు ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపిన నీళ్ళు తాగించేది అందుకే.

కలరా క్రిమి తన విషాన్ని బయటికి వదులుతుంది. ఇది అలా కాదు. వైద్యుడు సూదిమందు వేసినట్టు, మన కణంలోకి పొడుస్తుంది. దీనికి నిజంగానే సూది ఉన్నది!

అలాంటి సూదిని 1998లో కుబోరి, ఐజావా, గలాన్ మొదలైన జపాన్, అమెరికా శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశారు. వారు చూసినది సాల్మొనెల్లా అనే క్రిమిలో. అది టైఫాయిడ్ క్రిమికి దాయాది. ఈ క్రిములకు పైన రెండు పొరలుంటాయి. ఆ రెంటినీ కలుపుతూ, గాజులు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు, వలయాలు ఉన్నవి. వాటి నడుమనుంచి సన్నని గొట్టం బయటికి పొడుచుకు వస్తుంది. దాని బెజ్జం వెడల్పు 2 నానోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు!

ఇంత చిన్న బెజ్జంలోంచి మాంసకృత్తు ఎలా పోతుంది? మాంసకృత్తు దారపుండ లాంటిది. ఉండను సూదిబెజ్జంలో దూర్చలేము గాని, కొస దొరికితే దారమంతా పోతుంది గదా! క్రిమి కూడా ఉండను విప్పి, పోగుగా గొట్టంలోకి ఎక్కిస్తుంది. మన కణంలో పడ్డాక అది మళ్ళీ ఉండ చుట్టుకుంటుంది. రోగం తెచ్చేదే అయినా, పనితనం పనితనమే!

ఇక పీట సంగతి. మన ఇ. కోలై ఈ సూదితో పేగు కణంలోకి టిర్ అనే మాంసకృత్తును పంపుతుంది. టిర్ కణం పైపొరలో నాటుకుని, తల బయటికి పెడుతుంది. దానికి సరిగ్గా అతికే కొక్కెం క్రిమి ఒంటిమీద ఉన్నది. కొక్కెం తగులుకోగానే, ఆ కణమే తనలోని సన్నని నారలను కూడదీసి, క్రిమి కింద చిన్న అరుగు లేపుతుంది! ఈ పీట మన కణానిదేనని శాస్త్రజ్ఞులు చాలాకాలం అనుకున్నారు. అది క్రిమి తెచ్చిన సరుకేనని 1997లో కెనడాలో ఫిన్లే, ఆయన సహచరులు తేల్చారు.

సాల్మొనెల్లాది మరో ఎత్తు. అది పంపిన మాంసకృత్తుల వల్ల కణం పైపొర కుచ్చెళ్ళలాగా లేచి, క్రిమిని కమ్ముకుని లోపలికి లాక్కుంటుంది. తలుపు బద్దలుకొట్టే శ్రమ లేకుండా, ఇంటివాళ్ళ చేతనే గడియ తీయిస్తుందన్న మాట.

అయితే మన కణాలు మరీ అమాయకపువి కావు. పొడిచేటప్పుడు సూది తాలూకు మాంసకృత్తు కూడా కాస్త లోపలికి జారుతుంది. దాని ఆనవాలు పట్టే కాపలాదారు కణంలో ఉన్నాడు. అతని పేరు నైప్. అతడు కేక పెట్టగానే కణం తన ప్రాణం వదులుకుంటుంది. పేగు గోడ దాన్ని బయటికి నెట్టేస్తుంది. లోపల దూరిన క్రిములు కూడా దానితోపాటే కొట్టుకుపోతాయి. ఎలుకల పేగుల్లో శాస్త్రజ్ఞులు దీన్ని చూశారు. దొంగను పట్టించింది, వాడు తెచ్చిన సూదే!